స్టూడియో వారి వాచీ

భవానీపూర్‌లో మేము వెనకటికి కాపురమున్న సందులోనే, ఒక పాత మిత్రుడి కూతురి పెళ్ళికి వెళ్ళాను. పొద్దున్నే వాళ్ళ వసారాలో నిలబడి పళ్ళు తోముకుంటుంటే కింద సందులోంచి ఆ చప్పుడు వినిపించింది. చీపురు మొదలు కాలవ గట్టుకేసి మూడుసార్లు కొట్టడం. మొదటి రెండూ గబగబా, మూడోది కొంచెం ఆగి. నేను కలకత్తా వదిలి ఇరవై ఏళ్ళు దాటింది. ఎవరు ఎలా కొట్టుకుంటే నాకెందుకు? అయినా బ్రష్షు నోట్లో ఉండగానే రెండంతస్తులూ దిగిపోయాను.

ఊడుస్తున్నది మా రోజుల్లో అలా కొట్టే ఆవిడ కాదు. ఆవిడే అయితే ఈపాటికి ఎనభై దగ్గర పడాలి. ఈమెకి నలభై కూడా ఉండవు. గోడ మీద అప్పటి సుత్తీ కొడవలీ బొమ్మే కొత్త రంగుతో ఉంది, దాని కింద చెత్త కుప్ప చేస్తోంది. చీర కట్టు చూసి తెలుగులోనే అడిగాను, వెనకటికి ఈ సందు ఊడ్చిన పెద్దావిడ ఏమైందని.

"మా పెద్దమ్మే బాబూ. పోనాది. దుర్గ పూజలకి ముందర" అంది. తరవాత నన్ను కిందనించి పైదాకా చూసింది. "మీరు బ్యాంకు బాబేటి?"

అవునన్నాను. తరవాత మా ఇద్దరి మధ్యా జరిగిన మాటలు చివర్న చెబుతాను. ముందు ఆవిడ గురించి చెప్పాలి.

ఆవిడ పేరు నేను ఎప్పుడూ అడగలేదు. సందులో బెంగాలీ వాళ్ళకి ఆవిడ మాషీ, అంటే పిన్ని. మా ఆవిడకి అప్ప. నేను ఏమనీ పిలవలేదు, "ఇదిగో" అంటే సరిపోయేది. కార్పొరేషన్లో ఊడ్చే పని, ఏక్‌బాల్‌పూర్‌లో కాపురం. ఖిదిర్‌పూర్ రేవులో పనిచేసిన భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. ఇంతకు మించి నాకు తెలియదు. తెలుసుకోవాల్సిన మనిషని కూడా అప్పుడు నాకు తోచలేదు.

మా మెట్ల దగ్గర కరెంటు మీటరు కింద ఒక మేకుండేది. ఆ మేకుకి ఆవిడ తన ఎనామిల్ కప్పు తగిలించుకుంది. మేము కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే, మేము అడక్కుండానే. మా ఆవిడ టీ ఇవ్వబోయి, ఏ గ్లాసులో ఇవ్వాలా అని గుమ్మంలో ఒక్క క్షణం తటపటాయించింది. ఆ క్షణం చూసింది ఆవిడ. మర్నాడు తన కప్పు తెచ్చి మేకుకి పెట్టి, "మీకా సిక్కు ఒద్దమ్మా" అంది. మాకు పెద్ద బరువు దిగింది. సిగ్గుపడాల్సిన చోట బరువు దిగినట్టుండడం మా జాతి లక్షణం.

గుమ్మం పక్కన మెట్టు మీద కూచుని టీ తాగుతూ ఆవిడ సందు కబుర్లన్నీ చెప్పేది. ఏ ఇంట్లో ఎవరు ఏం తిన్నారో ఆవిడకి తెలుసు. చెత్తే చెప్పేది. మాది గుడ్డు కూడా గడప తొక్కని ఇల్లని మా తెలుగు సంఘంలో పేరు. డాక్టరు చెప్పాడని మా పిల్లకి రోజుకో గుడ్డు పెట్టేవాళ్ళం, డొల్లలు మూడు కాగితాల్లో చుట్టి పారేసేవాళ్ళం. ఒకరోజు మా ఆవిడతో మెల్లగా అంది: "మూడు కాయితాలెందుకమ్మా, ఒకటి సాలు. నానెవులికీ సెప్పను." నిజంగానే ఎవరికీ చెప్పలేదు.

బ్రిగేడ్ మైదానంలో పెద్ద సభ ఉన్నప్పుడల్లా యూనియన్ వాళ్ళు లారీలో ఎక్కించుకుపోయేవారు. ఎర్రజెండా పట్టుకుని వెళ్ళి, సాయంత్రానికి గొంతు పోగొట్టుకుని వచ్చేది. "ఏం చెప్పారు సభలో?" అని ఆటపట్టిస్తే, "మన రాజ్జెం వొచ్చీసిందని సెప్పినారు బాబూ. ప్రతీసారీ అదే సెప్తారు. జెండా కర్ర సీపురు కంటే తేలిక, ఎల్తాను" అనేది. నవ్వేది కాదు. ఆవిడ వేళాకోళం ఎప్పుడూ అలాగే ఉండేది.

గుమ్మంలో కూచుంటే ఎదురుగా ముందుగదిలో గోడమీది ఫొటో కనిపించేది. పన్నెండేళ్ళ వయసులో నేను. బొబ్బిలి స్టూడియోలో తీయించింది. నల్లకోటు, చేతికి వాచీ, వెనక తెరమీద మేడమెట్లు. ఇంటికొచ్చిన సంఘం పెద్దలు అడిగితే వాచీ మా నాన్నదని చెప్పేవాణ్ణి. నాన్న తాలూకా ఆఫీసులో హెడ్ గుమాస్తా అని కూడా చెప్పేవాణ్ణి. మా నాన్న హోటల్లో పిండి రుబ్బేవాడు. వాచీ, కోటూ స్టూడియో వాళ్ళవి. వాచీ వదులై మోచేతి దాకా జారిపోతుంటే, చెయ్యి మడిచి ఉంచరా అని ఫొటోగ్రాఫరు కసిరాడు. ఆ ఫొటో కాపీ ఒకటి దరఖాస్తుకి అంటించి పంపితేనే నాకు బీద పిల్లల ఉచిత హాస్టల్లో సీటొచ్చింది. వాచీ చూసి నన్నెవరూ కాదనలేదు.

ఆవిడ ఒకరోజు అడిగింది, అంత చిన్నప్పుడే వాచీ ఉండేదా బాబూ అని. ఆవిడకి నిజం చెప్పాను. ఆవిడ దగ్గర నిలబెట్టుకోవాల్సిన పరువేం ఉంది నాకు? నవ్వుతూ చెప్పాను, వాచీ మోచేతి దాకా జారిన సంగతితో సహా. ఆవిడ కూడా ఆ ఒక్కసారి నవ్వింది.

ఆవిడకి ఊళ్ళో ఒక చెల్లెలుంది. సోంపేట అవతల, సముద్రం ఒడ్డు. ఉప్పుమడుల్లో కూలి. మొగుడు జ్వరం వచ్చి పోతే ముగ్గురు పిల్లలతో మిగిలింది. ఈ సంగతి మా ఆవిడ ద్వారా నాకూ, నా ద్వారా సంఘానికీ తెలిసింది. సంఘానికి నేను కార్యదర్శిని. అధ్యక్షుడు మా బ్యాంకులోనే నాకు పైఅధికారి. ఆ ఏడు పేదలకిచ్చే దుప్పట్లు మాని, ఆ చెల్లెలికి ఒక కుట్టుమిషను కొని రైలు పార్సెల్లో పంపాం. చప్పట్లు కొట్టుకున్నాం.

ఆరు నెలలకి ఆవిడ టీ తాగి, కప్పు కడిగి మేకుకి తగిలించి, వెళ్ళకుండా నిలబడింది.

"మిషను తుప్పట్టిపోనాది బాబూ. ఉప్పుగాలి. అయినా మా పేటలో కుట్టించుకోడానికి బట్టలుండాల కదేటి?"

"మరి ఏం పంపమంటావు? బియ్యమా?"

"డబ్బు పంపండి. దానికేటి గావాలో దానికి తెల్సు. మీకు తెల్దు, నాకూ తెల్దు."

సంఘం మీటింగులో ఈ మాట చెబితే అధ్యక్షుడు కుర్చీలో వెనక్కి వాలాడు. "చేతికి డబ్బిస్తే పాడైపోతారయ్యా. వస్తువిస్తే అది కనపడుతుంది. డబ్బు కనపడదు" అన్నాడు. నేను ఆరోజు గట్టిగానే మాట్లాడాను. నా జీవితంలో సభలో గొంతు పెంచింది ఆ ఒక్కసారే. చివరికి ఒక్క ఏడాది చూద్దామని ఒప్పుకున్నారు. నెలకి నూట యాభై రూపాయలు, మనియార్డరు. ఆ రాత్రి నన్ను చూసి నాకే ముచ్చటేసింది, ఆ మాట దాచను.

ఆ చెల్లెలి దగ్గర్నించి ఉత్తరాలు మా ఇంటి చిరునామాకి వచ్చేవి. పెద్ద పిల్ల రాసేది, గుండ్రటి పెద్ద పెద్ద అక్షరాలు. ఆవిడకి చదువు రాదు. బ్యాంకుకి వెళ్ళే ముందు బూట్ల లేసులు కట్టుకుంటూ నేనే చదివి పెట్టేవాణ్ణి. ఆవిడ మెట్టు మీద, నేను కుర్చీలో.

మొదటి నెల డబ్బుతో ఏం కొన్నారో అని నేను కుతూహలపడ్డాను. ఉత్తరంలో ఇలా ఉంది: "అమ్మ ఎనిమిది రోజులు మడికి ఎల్లలేదు. ఇంటికాడ కూకుంది. కాళ్ళ పుళ్ళు మానినాయి." అంతే. నాకు కొంచెం నిరాశ కలిగింది. సంఘానికి ఏం చెప్పను, కాళ్ళు మానాయని చెప్పనా? ఆవిడ మాత్రం ఇంకోసారి చదవమంది. ఉప్పునీళ్ళలో నిలబడితే పుండు మానదనీ, పని మానితే తిండి ఉండదనీ, అందుకే చెల్లెలికి పెళ్ళయిన దగ్గర్నించీ కాళ్ళు మానలేదనీ అప్పుడు చెప్పింది. "పద్నాలుగేళ్ళు బాబూ" అంది.

తరవాత పెద్ద పిల్ల జీడిపిక్కలు కొట్టే పని మానేసి మళ్ళీ బడికెళ్ళిందని వచ్చింది. బియ్యం ఏ పూటకాపూట కాకుండా ఒకేసారి తెచ్చుకుంటున్నారనీ, కొట్టువాడు ఇప్పుడు "ఏమే" అనడం మాని "ఏమ్మా" అంటున్నాడనీ ఇంకో ఉత్తరం. ఒక బుధవారం నాడు ఊరికే, పండగా పబ్బం లేకుండా, చేప కొని వండుకున్నారని మరొకటి. అన్నిటికన్నా ఆవిడకి నచ్చింది మేస్త్రీ సంగతి. ఉప్పుమడి మేస్త్రీ ఇంటికొచ్చి పనికి రమ్మంటే చెల్లెలు, "ఈరోజు రాను, రేపొస్తాను" అందట.

"రానందట" అంది ఆవిడ. మోకాలి మీద చరుచుకుంది. "మేస్త్రీ మొకం మీదే రానందట." ఆ వారమంతా అదే మాట. సందు చివర టీ బడ్డీ అతనికి బెంగాలీలో చెబుతుంటే విన్నాను: "దాదా, ఆమార్ బోన్ బోలేఛే, ఆజ్ జాబో నా." మా చెల్లి ఇవాళ రానని చెప్పింది, అని. అతనికి అందులో గొప్పేమిటో అర్థం కాక టీ వడపోస్తూనే ఉన్నాడు. నాకూ అప్పుడు అర్థం కాలేదు. అయ్యుంటే తరవాత నోరు విప్పేవాణ్ణేమో.

ఏడాది నిండబోతుంటే అధ్యక్షుడు అడిగాడు, ఇంకో ఏడాది పొడిగించాలంటే రుజువేదీ అని. "వాళ్ళ ఫొటో ఒకటి తెప్పించవయ్యా. మన డబ్బుతో ఎలా ఉన్నారో కళ్ళతో చూద్దాం." సరేనన్నాను. మర్నాడు పొద్దున్న బస్సుకి టైమైపోతోంది. గుమ్మం దాటుతూ ఆవిడతో చెప్పాను, మీ చెల్లెలూ పిల్లలూ కలిసి ఒక ఫొటో తీయించుకుని పంపాలి, పెద్దలు చూస్తారని.

ఆవిడ గోడకేసి చూపించింది. "అలాటిదేనా బాబూ?"

"ఆఁ, అలాంటిదే" అని మెట్లు దిగిపోయాను.

నెల తిరక్కుండానే ఒక శనివారం సాయంత్రం, ఊరి నించి వచ్చినవాళ్ళ చేత తెప్పించిన ఫొటో తెచ్చి ఇచ్చింది. రెండట్టల మధ్య పెట్టి, దారంతో కట్టి. మర్నాడే మీటింగు, మా ఇంట్లోనే. "సంఘం డబ్బు ముట్టుకోనేదు, నా డబ్బు పంపినాను ఫొటోకి" అంది ముందే. విప్పి చూశాను. వెనక తెరమీద మేడమెట్లు. మధ్యలో ఆ చెల్లెలు తెల్లచీరలో బిగుసుకుపోయి నిలబడింది. పెద్ద పిల్ల చేతికి వాచీ. పిల్లాడికి మోకాళ్ళ దాకా కోటు. చిన్నది స్టూలు మీద కూచుని ఒళ్ళో ట్రాన్సిస్టర్ రేడియో పెట్టుకుంది. నలుగురూ ఊపిరి బిగబట్టి నన్నే చూస్తున్నారు.

"మాసిన బట్టల్తో ఎలగ సూపిస్తాం బాబూ? ఇంత ఇచ్చిన పెద్దోళ్ళకి తలవంపులు గదా" అంది ఆవిడ. "మీదాని నాగే తియ్యమని రాయించినాను. బాగున్నాదా?"

బాగుందన్నాను.

ఆ రాత్రే నాకు తెలిసిపోయింది ఏం జరుగుతుందో. తెలియలేదని ఇన్నేళ్ళూ చెప్పుకుంటూ వచ్చాను, కానీ తెలుసు. ఫొటో చూపించకుండా ఉండొచ్చు. చూపించి, ఇవి స్టూడియో సామాన్లండీ అని ఒక్క ముక్క చెప్పొచ్చు. ఆ ముక్క అన్నాక వాళ్ళు తలెత్తి నా గోడకేసి చూస్తారు. అదే మేడమెట్లు, అలాంటి కోటే, అలాంటి వాచీయే. హెడ్ గుమాస్తాగారి వాచీ. ఆదివారం పొద్దున్నే స్టూలెక్కి నా ఫొటో దింపి బీరువా మీద బోర్లా పెట్టాను. ఎందుకండీ అంది మా ఆవిడ. అద్దం తుడవాలన్నాను.

అందరూ సందేష్ మిఠాయిలు తింటుంటే ఫొటో చేతులు మారింది.

"ట్రాన్సిస్టర్ చూశారా" అన్నారొకరు.

"మా అమ్మాయికి ఇంకా వాచీ కొనలేదండీ నేను, పదో క్లాసు పాసయితే కొంటానన్నాను" అన్నారింకొకరు. అందరూ నవ్వారు.

అధ్యక్షుడు నవ్వలేదు. నిజంగా బాధపడ్డాడు, అది నాకు ఇంకా గుర్తుంది. "నేను చెప్పలేదటయ్యా? నీ మాట కాదనలేక ఇచ్చాం. చూడు. ఏమంటావు?"

అందరూ నాకేసి చూశారు. "నేనూ ఇలా ఉంటుందని అనుకోలేదండీ" అన్నాను.

ఈ వాక్యం అబద్ధం కూడా కాదు. అందుకే ఇన్నాళ్ళు దాని వెనక దాక్కోగలిగాను. డబ్బు ఆపేశారు. ఆ ఏడు మళ్ళీ దుప్పట్లు పంచాం. ఫొటో టీపాయి మీద మిగిలిపోయింది, ఎవరో దానిమీద టీ కప్పు పెట్టారు. నేనే దాన్ని తుడిచి సంఘం ఫైల్లో పెట్టాను.

సోమవారం పొద్దున్న ఆవిడకి చెప్పాను. సంఘం వాళ్ళు వద్దనుకున్నారు, నిధి చాల్లేదు, నేను చాలా చెప్పి చూశాను అని నసిగాను. ఆవిడ మెట్టు మీద కూచుని, టీ ముట్టుకోకుండా విన్నది. ఏడవలేదు, బతిమాల్లేదు. తరవాత తలెత్తి ముందుగదిలోకి చూసింది. గోడమీద ఫొటో ఉన్నంత మేర సున్నం తెల్లగా ఉంది. చాలాసేపు చూసింది.

"మేకు తీడం మర్సిపోనారు బాబూ" అంది.

టీ కాలవలో పారబోసి, కప్పు కొంగుతో తుడిచి, మేకుకి తగిలించకుండా సంచీలో వేసుకుని వెళ్ళిపోయింది. నేను ఇంకా రెండేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను. మళ్ళీ మా మెట్లెక్కలేదు. పండగ మామూలుకి కూడా రాలేదు. సందు మాత్రం ఎప్పట్లాగే శుభ్రంగా ఊడ్చేది, మా గుమ్మం ముందు కూడా. గుడ్డు డొల్లల పొట్లం ఎప్పట్లాగే తీసుకెళ్ళేది. ఎదురుపడితే పక్కకి తప్పుకుని దారి ఇచ్చేది. ఆ మర్యాద నా చెంప మీద కొట్టినట్టుండేది, కొన్నాళ్ళకి అదీ అలవాటైపోయింది. బదిలీ ఆర్డరు వచ్చిన రోజు అధ్యక్షుడే స్వయంగా అభినందించాడు. విశాఖపట్నం, నేను కోరుకున్నదే.

ఇప్పుడు ఆ పెళ్ళినాటి పొద్దున్న సందులో జరిగిన మాటలు.

"పెద్దమ్మ సెప్పీది మీ గురించి" అంది ఊడ్చే మనిషి.

"ఏమని?" అన్నాను.

"ఉత్తరాలు సదివి పెట్టీవోరు, మంచోరు అని."

అంతేనా అని అడగబోయి ఆగాను. అంతే. గుడ్డు డొల్లల్లాగే నా ఈ పొట్లాన్నీ ఆవిడ చివరిదాకా ఎవరి దగ్గరా విప్పలేదు.

"ఆ ఉత్తరాలు రాసింది నానే" అంది ఆమె. "ఏడుదాకా సదివినాను. తరవాత డబ్బాగిపోనాది గదా. అమ్మ మళ్ళీ మడిలోకి దిగిపోనాది. నాను మళ్ళీ పిక్కలు కొట్టినాను, తరవాత పెద్దమ్మ ఇక్కడికి తెచ్చీసింది."

"ఇప్పుడు ఉత్తరాలు రాస్తావా?"

"ఎవులికి రాయాల బాబూ? అమ్మా పోనాది." చీపురు చంకలో పెట్టుకుని కొంచెం దగ్గరికొచ్చింది. "ఒక మాట అడగనా? అప్పుడొక ఫొటో పంపినాం మీకు. మా నలుగురిదీ. అమ్మది మరింకో ఫొటో నేదు. అదేనా ఉంటే ఇద్దురూ."

సంఘం మూతపడి ఏళ్ళయింది. ఫైళ్ళు ఎవరింటి అటకమీద ఉన్నాయో, ఏ చిత్తుకాగితాల వాడికి పోయాయో నాకు తెలియదు. వెతికి పంపిస్తానన్నాను.

"నా సేతికి వాచీ కట్టినారు" అంది ఆమె. మణికట్టు చూసుకుంది. "ఒదులైపోతంటే కింద రుమాలు సుట్టి కట్టినాడు ఫొటో ఆయన. కదలకే, జారిపోతాదన్నాడు. కదల్నేదు నాను."

తరవాత చీపురు కాలవ గట్టుకేసి మూడుసార్లు కొట్టి పక్క సందులోకి వెళ్ళింది.

తిరిగొచ్చి ఎవరెవరికో ఫోన్లు చేశాను. ఫొటో దొరకలేదు. నాది మాత్రం విశాఖలో మా హాల్లో గోడకే ఉంది, కొత్త ఫ్రేము కట్టించాం. పోయిన ఆదివారం మా కొత్త కోడలు దానిముందు నిలబడి, "చిన్నప్పుడే వాచీ పెట్టుకున్నారే మామయ్యగారూ, ఎవరిదండీ?" అని అడిగింది.

మా నాన్నదని చెప్పాను.